పెద్దనాన్న ఇల్లు
నిన్న పెద్దనాన్నతో బ్యాంకుకి వెళ్లాను. ఇంటి కాగితాల కవరు ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. రివర్స్ మార్ట్‌గేజ్ గురించి అడిగితే, కౌంటర్‌లో అబ్బాయి మామూలు తనఖా లోన్ ఫారం ఇచ్చాడు. దానికి నెలనెలా ఈఎంఐ కట్టాలి! పెన్షన్ లేని మనిషి ఎక్కణ్ణుంచి కడతారు?

రివర్స్ మార్ట్‌గేజ్‌లో ఈఎంఐ ఉండదు, ఇల్లు తనఖా పెట్టుకుని బ్యాంకే మనకు డబ్బిస్తుంది. 2007 బడ్జెట్‌లో ప్రకటించిన పథకమిది. సొంత ఇంట్లో ఉండే 60 దాటినవాళ్లకు. బతికున్నంతకాలం ఆ ఇంట్లోనే ఉండొచ్చు. తర్వాత పిల్లలు బాకీ తీర్చి ఇల్లు ఉంచుకోవచ్చు. కానీ వడ్డీ మీద వడ్డీ పెరుగుతుంది, ఇంటి పన్ను, మరమ్మతులు మనవే. ఇది ముందే చెప్పాలి కదా!

"ఇల్లు పోతుందేమో రా" అని దారంతా పెద్దనాన్నకు ఒకటే టెన్షన్. రాత్రి షరతులన్నీ చదివి వినిపించాను. లోన్‌లో పెద్దమ్మ పేరు కూడా ఉండాలని ఆయనే కాగితం మీద రాసుకున్నారు.