తుపాకీ గొట్టానికి ముందు నీళ్ళు, తరువాతే నూనె

ఉత్తర ఇంగ్లండులోని ఒక చిన్న సైనిక మ్యూజియంలో, పాత ఆయుధాలను శుభ్రపరిచి బాగుచేసే గదిలో నేను పనిచేస్తున్నాను. రాజోలు దగ్గర మా ఊరి నుంచి పరదేశం వెళ్ళినవారిలో ఎక్కువమంది కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉన్నవారే కనుక, నా పని తుపాకులు కడగడమంటే వెంటనే నమ్మేవారు తక్కువ. ఈసారి సెలవుకు వచ్చినప్పుడు మా మావయ్య నమ్మారు గాని, ఒక్క మాట దగ్గర ఆగిపోయారు. "ఇనుప గొట్టంలో నీళ్ళు పోస్తారా అల్లుడూ? ఇక్కడ ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవడం లేదు కదా!" అన్నారు. జీవితమంతా వశిష్ఠ పాయ ఒడ్డున డీజిల్ ఇంజన్లతో, బోరు మోటార్లతో గడిపిన మనిషి వేసిన ప్రశ్న అది. దానికి సరైన జవాబు చెప్పవలసిందే.

మేము చూసుకునేవాటిలో ముఖ్యమైనది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్. మందునూ గుండునూ మూతి నుంచే దట్టించి పేల్చే తుపాకీ ఇది. గొట్టం 39 అంగుళాలు, లోపలి వ్యాసం 0.577 అంగుళం, లోపల మెలి తిరిగిన మూడు గాడులు ఉంటాయి. 1857లో సిపాయిలు కొవ్వు పూసిన తూటాలను ముట్టుకోబోమని నిరాకరించింది ఈ తుపాకీ విషయంలోనే. అద్దాల వెనుక ఉన్న అసలు తుపాకులను మేము పేల్చము, నీళ్ళతో కడగము. చేతి చెమటలోని ఉప్పు అంటకుండా తొడుగులు వేసుకుని, పలచగా మైనం పూసి ఉంచుతాము. వాటి ఇత్తడి భాగాలను చూస్తే మా అమ్మ చింతపండు తెమ్మంటుంది గాని, పులుపుతో తోమిన ప్రతిసారీ లోహం కొంత కరిగిపోతుంది కనుక అక్కడ ఆ మెరుపును మేము కోరుకోము.

కడిగే పని అంతా నకలు తుపాకులతోనే. వేసవి ఆదివారాలలో, అనుమతి పత్రాలున్న సభ్యులు పాతకాలపు సైనిక దుస్తులు ధరించి, గుండు లేకుండా మందు మాత్రమే వేసి వాటిని పేలుస్తారు. ఆ మందు మన దీపావళి బాణసంచా చేసేవారికి తెలిసినదే: సుమారుగా నూటికి 75 పాళ్ళు సురేకారం, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం. అది కాలినప్పుడు బరువులో సగానికి పైగా పొగగానూ మసిగానూ మారే ఘనపదార్థమే అవుతుంది. గొట్టంలో అంటుకునే ఆ మసిలో పొటాషియం లవణాలు ఎక్కువ. అవి గాలిలోని తేమను లాక్కుని ఇనుమును అంటిపెట్టుకుని ఉంటాయి కనుక, తడి వాతావరణంలో ఒక్క రాత్రి వదిలేసినా లోపల తుప్పు మొదలవుతుంది. ఆ లవణాలు నూనెలో కరగవు, నీళ్ళలో కరుగుతాయి. కడగకుండా నూనె పూస్తే ఉప్పు నూనె కింద భద్రంగా కూర్చుని తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. పైగా పెట్రోలియం నూనె ఆ మసితో కలిసి తారులాగా గట్టిపడుతుంది. ఉప్పుగాలి తగిలిన సైకిల్ గొలుసును మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఆ తరువాతే నూనె వేయడం వంటిదే ఇది అని చెప్పాక మావయ్య తల ఊపారు.

ఆదివారం సాయంత్రం ప్రదర్శన ముగియగానే పని మొదలవుతుంది. వేసవిలో మన కాలం అక్కడికంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది కనుక అమ్మ నిద్రపోయే వేళలోపు ఫోను చేయాలనే ఆరాటం ఉంటుంది గాని, తుపాకీని మర్నాటికి వాయిదా వేయడం కుదరదు. ముందుగా నిపిల్ మీద, అంటే గొట్టం అడుగున మందుకు నిప్పు అందించే సన్నని రంధ్రపు మొన మీద, టోపీ (హ్యామర్ అనే సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు మూత) లేదని చూసి, మూతి ముఖానికి ఎదురుగా రాకుండా పట్టుకుని, గజం కడ్డీని గొట్టంలోకి దించుతాను. మూతి దగ్గర కడ్డీ మీద గుర్తుపెట్టి, బయటకు తీసి గొట్టం పక్కన ఆనించినప్పుడు దాని కొన అడుగు వరకు చేరితేనే లోపల ఏమీ మిగలలేదని నమ్ముతాను. పేలని మందు ఒక్కోసారి లోపలే ఉండిపోతుంది కనుక ఈ పరీక్షను ఎంత అనుభవం ఉన్నా మానకూడదు.

ఆ తరువాత నిపిల్ మీద తోలు ముక్క పెట్టి హ్యామర్‌ను మెల్లగా దించితే అడుగు రంధ్రం మూసుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళు నింపి కాసేపు ఉంచి, చెక్క తడవకుండా మూతిని కిందికి వంచి పారబోస్తాను. మొదటి నీళ్ళు నల్లగా, కుళ్ళిన గుడ్డు వాసనతో వస్తాయి; తేటగా వచ్చేవరకు మళ్ళీ మళ్ళీ నింపాలి. మరిగే నీళ్ళయితే గొట్టం త్వరగా ఆరుతుందని మా గదిలో కొందరు వాదిస్తారు. ఆ వేడికి లోపల పలచని తుప్పు అప్పటికప్పుడే లేవడం చూశాను కనుక నాకు గోరువెచ్చనివే మేలనిపిస్తుంది. పిమ్మట నిపిల్‌ను విప్పి విడిగా కడిగి, దాని కింది సన్నని దారిని చిన్న బ్రష్షుతో శుభ్రం చేసి, గజం కొసకు నూలు గుడ్డ ముక్క చుట్టి గొట్టమంతా తుడవాలి. గాడుల మెలికను అనుసరించి కడ్డీ తనంతట తాను తిరుగుతుంది, దానిని అడ్డుకోకూడదు. మసి గట్టిగా పేరుకునేది అడుగునే కనుక అక్కడ గుడ్డను ఆపి తిప్పాలి.

ఆరబెట్టడమే ఈ పనిలో అసలు నేర్పు. ఐటీఐలో ఫిట్టరుగా నేర్చుకున్న ఓపిక నాకు ఇక్కడే పనికి వచ్చింది. గుడ్డ తెల్లగా వచ్చినంత మాత్రాన చాలదు, పొడిగా కూడా రావాలి. అప్పుడే పలచగా నూనె పూస్తాను. ఎక్కువైన నూనె వెనక్కి జారి చెక్కలోకి ఇంకకుండా తుపాకీని మూతి కిందికి ఉండేలా నిలబెడతాను. మళ్ళీ పేల్చేముందు ఆ నూనెను పూర్తిగా తుడిచి, ఉత్త టోపీ ఒకటి పేల్చి దారి తెరవాలి. లేకపోతే మందు అంటుకోదు.

మర్నాడు ఒకసారి, రెండు మూడు రోజుల తరువాత మరొకసారి గుడ్డ దించి చూస్తాను. గుడ్డ మీద గోధుమరంగు మరక కనిపించిందా, మళ్ళీ నీళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టవలసిందే.