ఎక్స్‌రేలో కనిపించని గాయం

ఎముకలు విరగడం, కీళ్లు తొలగడం అనే పాఠాలకు వచ్చేసరికి వైద్య విద్యార్థుల దృష్టంతా ఎక్స్‌రేల మీద, ఫ్రాక్చర్ల పేర్ల మీద నిలుస్తుంది. పరీక్షలకు ఆ పేర్లు అవసరమే. అయితే ప్రతి ఫ్రాక్చర్‌నూ దాన్ని ఆనుకుని వెళ్లే రక్తనాళంతో, నరంతో కలిపి చదివినప్పుడే ఆ చదువు రోగి దగ్గర అక్కరకొస్తుందని నా గట్టి నమ్మకం. ఐరిష్ శస్త్రవైద్యుడు అబ్రహాం కోలిస్ తన పేరుతో నిలిచిపోయిన మణికట్టు ఫ్రాక్చర్‌ను వర్ణించింది 1814లో. ఎక్స్‌రే కిరణాలు బయటపడింది 1895లో. ఆయనకు ఆధారం కళ్లూ చేతివేళ్లే.

పిల్లల్లో మోచేతికి కాస్త పైన హ్యూమరస్ ఎముక విరిగే సుప్రాకాండైలార్ ఫ్రాక్చర్‌నే తీసుకుందాం. చాచిన చేతిమీద పడినప్పుడు సాధారణంగా విరిగిన కింది ముక్క వెనక్కి జరుగుతుంది, పై ముక్క అంచు ముందుకు పొడుచుకొస్తుంది. చేతికి రక్తం తెచ్చే బ్రేకియల్ ధమని, ముంజేతికీ అరచేతికీ వెళ్లే మీడియన్ నరం ఉండేది సరిగ్గా ఆ ముందు భాగంలోనే. మీడియన్ శాఖ అయిన ఆంటీరియర్ ఇంటరాసియస్ నరం ఒక్కటే దెబ్బతింటే చర్మం మీద స్పర్శ ఏమాత్రం తగ్గదు కాబట్టి, తాకి చూసి ఊరుకుంటే ఆ లోపం దొరకదు. బొటనవేలి కొననూ చూపుడువేలి కొననూ కలిపి సున్నా చుట్టమనాలి. నరం పనిచేయకపోతే చివరి కణుపులు వంగవు, సున్నాకు బదులు రెండు వేళ్లూ బల్లపరుపుగా ఆనుకుంటాయి. నొప్పితో ఏడుస్తున్న బిడ్డ చేత ఈ పని చేయించడానికి ఎంతో ఓపిక కావాలి, అయినా ఎముకను సరిచేయకముందే చేయించి, కనిపించినది రాసిపెట్టాలి. లేకపోతే ఆ లోపం దెబ్బ వల్ల వచ్చిందో చికిత్స వల్ల వచ్చిందో తర్వాత తేల్చలేము.

అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసింది కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. ముంజేతిలోగానీ పిక్కలోగానీ సాగని పొరల మధ్య బిగుసుకున్న కండరం వాచినప్పుడు, లోపలి ఒత్తిడి ముందుగా సూక్ష్మ రక్తనాళాలను నొక్కేస్తుంది. పెద్ద ధమనిలో మాత్రం రక్తం ప్రవహిస్తూనే ఉండవచ్చు. అందుకే నాడి అందుతున్నదని నిశ్చింతగా ఉండకూడదు. గాయానికి మించిన నొప్పి, వేళ్లను మనం నెమ్మదిగా చాపినప్పుడు భరించలేనంతగా పెరిగే నొప్పి, మందుకు లొంగని నొప్పి: వీటినే నమ్మాలి. అనుమానం రాగానే పిండికట్టునూ దాని కింది దూదినీ చర్మం కనిపించేదాకా చీల్చాలి. అప్పటికీ తగ్గకపోతే ఆలస్యం చేయకుండా శస్త్రచికిత్సతో ఆ పొరలను తెరవాలి. కొన్ని గంటల జాప్యానికే కండరం చచ్చిపోయి, చేయి వోక్‌మన్ కాంట్రాక్చర్ అనే స్థితిలో శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు.

తుంటి కీలు వెనక్కి తొలగితే కాలు సాధారణంగా లోపలికి తిరిగి ఉంటుంది, తొడ ఎముక మెడ విరిగి పక్కకు జరిగితే బయటికి తిరుగుతుంది. ఈ తేడా మంచం చివర నిలబడి చూస్తే చాలు, తెలిసిపోతుంది. తొలగిన తుంటి విషయంలో పాదం పైకెత్తమని అడిగి, ఆ కీలు వెనకగా కాలిలోకి దిగే సయాటిక్ నరాన్ని కూడా చూడాలి. ఇక మణికట్టులోని స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక విరిగినప్పుడు మొదటి ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. బొటనవేలి మొదట్లో ఉండే పల్లంలో నొక్కితే నొప్పి ఉన్నవారికి కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల తర్వాత మళ్లీ పరీక్షించి ఎక్స్‌రే తీయాలి, వీలుంటే ముందుగానే ఎంఆర్ఐ చేయించాలి. ఆ ఎముకకు రక్తం చాలావరకు వేళ్ల వైపున్న దూరపు కొస నుంచి వెనక్కి అందుతుంది కాబట్టి, గుర్తించక వదిలేస్తే ముంజేతి వైపున్న దగ్గరి ముక్క రక్తం అందక చచ్చిపోయే ప్రమాదం ఉంది.