పని మధ్యలో వచ్చిన పాండురంగడు

తొలి ఏకాదశి వచ్చిందంటే మా నాందేడ్ జిల్లా సరిహద్దు ఊళ్లలో, అంటే ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ వైపు, తెలుగు ఇళ్లలో రెండు పండుగలు ఒకేసారి జరుగుతాయి. మనకది తొలి ఏకాదశి, బెల్లం కలిపిన పేలాల పిండి ఉండాల్సిందే. పక్కింట్లో, బజారులో అది ఆషాఢీ ఏకాదశి. సాబుదానా ఖిచిడీ, ఉపవాసం, పొద్దున్నే విఠ్ఠలుడి, అంటే పాండురంగడి, గుడి ముందు క్యూ. మా పిల్లలు రెండూ తింటారు, రెండు భాషల్లోనూ దండం పెట్టుకుంటారు. ఆ రోజు పాలకడలిలో నిద్రకు ఉపక్రమిస్తాడని మనం చెప్పుకునే విష్ణువే, అదే రోజు పంఢరపురంలో నడుము మీద చేతులు పెట్టుకుని, నిద్ర మాటే లేకుండా, లక్షల మంది కోసం ఇటుక మీద నిలబడి ఉంటాడు. ఈ రెంటినీ కలిపి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పనులన్నీ నెత్తి మీదికొస్తాయి. సోయాబీన్, పత్తి విత్తులు పడి కలుపులు మొదలయ్యే కాలం. బడులు తెరిచి ఫీజులు, పుస్తకాలు, యూనిఫామ్‌లు. నాందేడ్‌కో నిజామాబాద్‌కో రోజూ అప్-డౌన్ చేసేవాళ్ల కోసం ఏకాదశి రోజున కూడా ట్రైన్ ఆగి ఉండదు. ఆళందీ నుంచి జ్ఞానేశ్వర్ మహారాజ్ పాలకీ, దేహూ నుంచి తుకారామ్ మహారాజ్ పాలకీ (పల్లకీ) బయల్దేరితే, వాటి వెంట పంఢరపురం దాకా మూడు వారాలు నడిచే వార్కరీ భక్తులను టీవీలో చూసి "మన బతుకుల్లో అదెక్కడ కుదురుతుందమ్మా" అని నిట్టూర్చే ఇళ్లే ఎక్కువ.

ఆ నిట్టూర్పు విన్నప్పుడు నాకు పోతన గారి ప్రహ్లాదుడు గుర్తొస్తాడు. భాగవతం ఏడో స్కంధంలోని ఈ పద్యం చాలామందికి నోటికొచ్చు.

పానీయంబులు ద్రావుచున్ గుడుచుచున్ భాషించుచున్ హాస లీ
లా నిద్రాదులు సేయుచున్ దిరుగుచున్ లక్షించుచున్ సంతత
శ్రీనారాయణ పాదపద్మ యుగళీ చింతామృతాస్వాద సం
ధానుండై మఱచెన్ సురారిసుతుఁ డేతద్విశ్వమున్ భూవరా!

నీళ్లు తాగుతూ, అన్నం తింటూ, మాట్లాడుతూ, నవ్వుతూ, ఆడుతూ, నిద్రపోతూ, తిరుగుతూ, చూస్తూ ఆ పసివాడు నారాయణుడి పాదాల తలపులోనే ఉండి, ఆ రుచిలో ఈ లోకాన్నే మరిచిపోయాడు. ఇందులో ఉన్నవన్నీ ఒక పిల్లవాడు పొద్దున లేచింది మొదలు చేసే మామూలు పనులే. పూజగది ఊసు లేదు, దీపం లేదు, నైవేద్యం లేదు. అలాంటి ఇంట్లో అవి ఉండే వీలే లేదు కదా, తండ్రి హిరణ్యకశిపుడు! దేవుడి పేరెత్తితే శిక్ష పడే ఇంట్లో పెరిగినవాడు, తాగే నీళ్లలో, తినే ముద్దలో స్వామిని పెట్టుకున్నాడు.

కానీ ఒక్క మాట. ప్రహ్లాదుడు లోకాన్ని మరిచాడు, చెల్లింది. పొయ్యి మీద పాలు పెట్టిన ఇల్లాలు లోకాన్ని మరవలేదు. మంచాన పడిన అత్తగారికి టైముకి మందు వేయాల్సిన కోడలు మరవకూడదు కూడా. ఆ స్థితి మన గురి. మనకు దారి చూపడానికి మాత్రం, ఒక్క పనీ మానుకోకుండా దేవుణ్ణి దగ్గర చేసుకున్న మనిషి కావాలి. ఆమె మాకు దగ్గరలోనే పుట్టింది.

జనాబాయిది గంగాఖేడ్. పరభణి జిల్లా, గోదావరి ఒడ్డు. మేం గంగ అని పిలుచుకునే ఆ గోదావరే గంగాఖేడ్ దాటి, నాందేడ్ మీదుగా మా వైపొచ్చి, బాసర సరస్వతమ్మ పాదాల దగ్గరికి చేరుతుంది. చిన్నప్పుడే పంఢరపురం చేరి, విఠ్ఠల భక్తుడు నామదేవుడి ఇంట్లో దాసిగా బతికింది జనాబాయి. పిండి విసరడం, దంచడం, నీళ్లు మోయడం, పిడకలు చేయడం. తీరిక అనేది ఆమె జీవితంలో లేదు. ఆమె అభంగం, అంటే మరాఠీ భక్తిపాట, ఇది: "దళితా కాండితా తుజ గాయీన అనంతా." విసురుతూ, దంచుతూ నిన్నే పాడుకుంటాను అనంతా, అని. పని అయ్యాక పాడతానని ఆమె అనలేదు, ఎందుకంటే ఆ పని ఎప్పటికీ అవదు. ఇసుర్రాయి తిరుగుతూనే ఉంది, నోట్లో నామం నడుస్తూనే ఉంది. అప్పుడు పాండురంగడే వచ్చి, ఆమెకెదురుగా కూర్చుని, ఇసుర్రాయి పిడి పట్టుకుని తనూ విసిరాడని ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. లేచి రా, గుడికి పోదాం అని అనలేదు స్వామి. ఆమె పనిలో ఒక చెయ్యి వేశాడు.

ఇక్కడ మన ఇళ్ల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. పండుగ రోజున ఇంట్లో అందరికంటే ఎక్కువ పనిచేసేదీ, అందరికంటే ఆఖరున దేవుడి ముందుకు వచ్చేదీ ఆడవాళ్లే. ఉపవాసం ఉన్నవాళ్లకి ఒక వంట, లేనివాళ్లకి ఒక వంట. మగవాళ్లు పట్టుబట్ట కట్టుకుని హారతి ఇచ్చే వేళకు ఆమె వంటింట్లో చెమట తుడుచుకుంటూ గంట మాత్రం వింటుంది. విఠ్ఠలుడికి ఇసుర్రాయి పట్టడం చిన్నతనం కానప్పుడు, ఆ పూట గిన్నెలు తోమిపెట్టడం మనలో ఎవరికీ చిన్నతనం కాదు. దాన్ని ఏకాదశి వ్రతంలో భాగంగా పెట్టుకుంటే నా మట్టుకు అది ఉపవాసమంత గొప్పది.

సావతా మాళీ కథా ఇలాంటిదే. సోలాపూర్ జిల్లా అరణ్‌లో తోట పని చేసుకునేవాడు. "కాందా ములా భాజీ, అవఘీ విఠాబాయి మాఝీ" అని పాడాడు. ఉల్లిగడ్డ, ముల్లంగి, ఆకుకూర, అన్నీ నా విఠ్ఠల తల్లే అని. తోట వదిలి ఆయన పంఢరపురం పోలేదనీ, స్వామే ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడనీ అంటారు.

ఇక అన్నింటికీ మూలమైన కథ పుండలీకుడిది. మన తెనాలి రామకృష్ణుడు కావ్యంగా రాసిన పాండురంగ మాహాత్మ్యం ఈ క్షేత్రం గురించే. మా వైపు చెప్పుకునే కథలో పుండలీకుడు మొదట తల్లిదండ్రుల్ని కష్టపెట్టినవాడు. కాశీకి పోతూ దారిలో కుక్కుట ముని ఆశ్రమంలో ఆగాడు. తెల్లవారుజామున మురికి బట్టలతో ముగ్గురు స్త్రీలు వచ్చి, ఆశ్రమం ఊడ్చి, నీళ్లు చల్లి, తేటగా మెరుస్తూ వెళ్లిపోయారు. వాళ్లు గంగ, యమున, సరస్వతి. జనం పాపాలు మోసి మైలపడిన ఆ నదులు తల్లిదండ్రుల సేవ చేసుకునే ఆ ముని వాకిలి ఊడ్చి శుభ్రపడుతున్నాయి. అది చూసి పుండలీకుడు మారాడు. తర్వాత కృష్ణుడే అతని గుమ్మం ముందుకొచ్చి నిలబడినప్పుడు, అతని చేతుల్లో తల్లిదండ్రుల పాదాలున్నాయి. వెనక్కి చూడకుండా ఒక ఇటుక విసిరి, కాసేపు దీని మీద ఆగు స్వామీ అన్నాడు. స్వామి ఆగాడు. ఇప్పటికీ అలాగే ఉన్నాడు. "యుగే అఠ్ఠావీస విటేవరీ ఉభా" అని ఇంటింటా పాడే హారతిలో ఉన్నది ఇదే, ఇరవై ఎనిమిది యుగాలుగా ఇటుక మీద నిలుచున్నాడని. వార్కరీలు "పుండలీక వరదే హరి విఠ్ఠల" అని అరిచినప్పుడు దేవుడి కంటే ముందు, దేవుణ్ణి నిలబెట్టిన భక్తుడి పేరు వినిపిస్తుంది.

అందరం ఈ కథలో దేవుణ్ణి ఆగమన్నాడన్నదే గుర్తుపెట్టుకుంటాం. నాకు మాత్రం ఇటుక దగ్గరే మనసు ఆగుతుంది. బురదలో స్వామి పాదాలు పడకూడదని చేతికందినదాన్ని వేశాడట. పని వదలలేదు, కానీ వచ్చినవాడికి చోటు చూపించాడు. మనం "టైం లేదు" అంటాం, అంతటితో సరి. ఆ ఇటుక వేయం. ఇంకోటి కూడా ఉంది. పుండలీకుడి చేతిలో ఉన్నది అమ్మానాన్నల పాదాలు. రాత్రి పదింటికి ఫోన్ చేతిలో పట్టుకుని, ఇవాళ కూడా దేవుడికి టైం దొరకలేదు అనుకుంటే ఆ పోలిక చెల్లదు. "పనే దైవం" అని నామం కూడా పక్కన పెట్టేసేవాళ్లను చూస్తుంటాను. నేను ఒప్పుకోలేను. జనాబాయి విసిరింది, పాడింది కూడా. పాట లేకుండా విసిరితే మిగిలేది భుజాల నొప్పి.

మరి మన ఇటుక ఏమిటి? 21 ఏళ్ల వయసుకే, 1296లో ఆళందిలో సమాధిలో కూర్చున్న జ్ఞానేశ్వరుడు తన అభంగాల మాల హరిపాఠం మొదట్లోనే చెప్పాడు: "దేవాచియే ద్వారీ ఉభా క్షణభరీ, తేణే ముక్తి చారీ సాధియేల్యా." దేవుడి గుమ్మంలో ఒక్క క్షణం నిలబడు, నాలుగు ముక్తులూ అందినట్టే. ఆ వెంటనే "అసోని సంసారీ జిహ్వే వేగు కరీ" అంటాడు. సంసారంలో ఉండే, నాలుకను నామానికి తొందరపెట్టు అని. సంసారం వదలమన్న మాట అక్కడ లేదు.

కాబట్టి టెన్షన్ పడకండి. ఇంటికి తాళం వేసే ముందు గడపలో ఒక్క క్షణం ఆగి "విఠ్ఠలా" అనుకోవడం, మొదటి ముద్దకు ముందు "కృష్ణార్పణం" అనడం, ట్రైన్ ధర్మాబాద్ దాటి గంగ బ్రిడ్జి ఎక్కేటప్పుడు చేతులు జోడించడం, పేషెంటుకి మందు వేస్తూ గోవింద నామం చెప్పుకోవడం. ఏదో ఒకటి చాలు, కానీ రోజూ అదే చోట, అదే పని దగ్గర. మనసు నిలవని రోజులుంటాయి. ఆ రోజున కూడా నోటితో అనండి, మనసు తర్వాత వస్తుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లు ఉపవాసం పేరుతో నీరసించి పడిపోకుండా, కాస్త ఏదైనా తిని నామం చెప్పుకోండి. స్వామి లెక్క చూసుకునేవాడైతే ఇన్ని యుగాలు నిలబడేవాడు కాదు.

ఈసారి పంఢరపురం కుదరకపోతే గంగాఖేడ్ అయినా వెళ్లి రండి. పరభణి నుంచి పర్లీ వైజనాథ్ వెళ్లే రైలు దారిలోనే ఉంది, గోదావరి స్నానం, జనాబాయి గుడి దర్శనం రెండూ అవుతాయి. వెళ్లేటప్పుడు మీ ఇంట్లో ఇసుర్రాయి నుంచి మిక్సీ దాకా అన్నీ తిప్పిన పెద్దావిడ ఎవరుంటే వాళ్లను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లండి. ఆ రోజు టీ, టిఫిను, సామాను, టికెట్లు అన్నీ మీరే చూసుకోండి.