అమ్మ వేళ్ళు, ఎలుక కణాలు, రెండు అమైనో ఆమ్లాలు

పొద్దున్నే అమ్మ మంచం అంచున కూర్చుని, వేడినీళ్ళ గిన్నెలో చేతులు పెట్టి ఒక్కో వేలూ కదుపుతుంది. గంట గడిస్తే గానీ పిడికిలి పడదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. వారానికొకసారి మెథోట్రెక్సేట్, దాంతోపాటు ఫోలిక్ యాసిడ్. నొప్పి చాలావరకు తగ్గింది కానీ కుక్కర్ మూత మాత్రం ఇప్పటికీ నాన్నే తీస్తారు.

నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పనంతా సక్సినేట్ చుట్టూ తిరుగుతుంది. ఇంటర్‌లో క్రెబ్స్ సైకిల్ బట్టీ పట్టినవాళ్ళకి ఈ పేరు గుర్తుండే ఉంటుంది. 1937లో హాన్స్ క్రెబ్స్ చెప్పిన ఆ చక్రంలో ఇదొక మెట్టు. కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలో పుట్టి అక్కడే ఖర్చైపోవాల్సిన పదార్థం. కణానికి ఆక్సిజన్ చాలకపోయినా, ఇన్‌ఫ్లమేషన్ (వాపు, మంట) మొదలైనా అది పేరుకుపోయి బయటికి వస్తుంది. పక్కింట్లో పోపు మాడితే మన వంటింట్లోకి ఘాటు వచ్చినట్టు, చుట్టుపక్కల కణాలకి ఆ సంగతి తెలిసిపోతుంది. ఆ ఘాటు పసిగట్టే ముక్కు లాంటిది కణం పైపొర మీద ఉండే ఒక రిసెప్టార్. అది దేనికి స్పందిస్తుందో తెలియనంతకాలం జీపీఆర్91 అని నంబరు వేసి ‘అనాథ’ రిసెప్టార్లలో చేర్చి ఉంచారు. దాని జత సక్సినేట్ అని 2004లో నేచర్ పత్రికలో వచ్చిన పేపర్ చెప్పింది. అప్పటి నుంచి దానికి సక్సినేట్ రిసెప్టార్ అనే పేరొచ్చింది.

నన్ను ఇందులోకి లాగింది మాత్రం 2016 నాటి ఇంకో పేపర్. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ళ కీళ్ళ నీటిలో సక్సినేట్ ఎక్కువగా ఉంటుందని, ఆ రిసెప్టార్ లేకుండా పుట్టించిన చిట్టెలుకల్లో కీళ్ళ వాపు తక్కువగా వచ్చిందని అందులో ఉంది. చదువుతున్నంతసేపూ నాకు ఆ వేడినీళ్ళ గిన్నే కళ్ళముందు ఉంది.

రిసెప్టార్‌ని జన్యువు నుంచే తీసేయడం ఒక పద్ధతి. ఉన్నదాన్ని ఒక రసాయనంతో మూసేసి చూడటం ఇంకో పద్ధతి. మందు ఆలోచన చేసేవాళ్ళకి రెండోదే ముఖ్యం, మనిషి జన్యువు మార్చడం అంత తేలిక కాదు కదా. అలా మూసే రసాయనం, అంటే బ్లాకర్, ఒకటుంది, పేరు ఎన్‌ఎఫ్-56-ఈజే40. చిన్న సీసాలో కాసింత తెల్లటి పొడి. దాని ఖరీదు చూశాక సీసా మూత తీయాలంటేనే చేతులు వణికాయి.

ఎలుక ఎముక మజ్జ నుంచి మాక్రోఫేజ్‌లు, అంటే సూక్ష్మజీవుల్ని మింగేసే రక్షణ కణాలు, పెంచాను. ఆ రిసెప్టార్‌కి సక్సినేట్ తగిలితే కణంలో కాల్షియం పెరుగుతుంది; అలా పెరిగితే ఆకుపచ్చగా వెలిగే డై (రంగు) ఎక్కించాను. సక్సినేట్ వేయగానే మైక్రోస్కోప్ కింద కణాలు ఒక్కసారిగా మెరిశాయి. బ్లాకర్ వేసిన గిన్నెలో ఆ మెరుపు రాకూడదు, కానీ అక్కడా అంతే మెరిసింది. డోసు పెంచాను. బ్లాకర్‌ని కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ కొత్త బాటిల్ తీశాను. సక్సినిక్ యాసిడ్ వేస్తే పీహెచ్ పడిపోయి కణాలు దానికే స్పందించవచ్చు, అందుకని సోడియం లవణమే వాడుతున్నానా అని లేబుల్ రెండుసార్లు చూశాను. మూడు వారాలు గడిచాయి. టెన్షన్‌తో అన్నం సహించేది కాదు. చివరికి “కాల్షియం స్పందనలో ఈ రిసెప్టార్ పాత్ర లేదేమో” అని నోట్‌బుక్‌లో రాసేశాను.

మా ల్యాబ్ సీనియర్ అక్క ఆ పేజీ చూసి ఒకే మాట అడిగింది. “ఈ కణాలు ఎవరివమ్మా?”

“ఎలుకవి అక్కా.”

“బ్లాకర్ ఎవరి రిసెప్టార్‌కి చేశారు?”

2019లో నేచర్‌లో వచ్చిన పేపర్ తీసి నా ముందు పెట్టింది. ఆ రసాయనం మనిషి రిసెప్టార్‌కి గట్టిగా అతుక్కుంటుంది, ఎలుకదానికి అతుక్కోదు. మూడు వందలకు పైగా అమైనో ఆమ్లాలున్న ప్రోటీన్‌లో తేడా తెచ్చింది రెండే. ఎలుకలో 18వ చోట, 269వ చోట లైసిన్ ఉంటుంది. ఆ రెంటినీ మనిషిలో ఉన్నట్టు గ్లుటామిక్ యాసిడ్‌గా, ఆస్పరజిన్‌గా మార్చగానే బ్లాకర్ ఎలుక రిసెప్టార్‌లోనూ కూర్చుంది. నేను రాసిన ఆ వాక్యం ఎంత ప్రమాదకరమో అప్పుడర్థమైంది. తలుపుకి తాళమే పడకపోతే, తాళం వేసినా దొంగలు వచ్చారని రాసినట్టయింది. ఆ పేజీ చింపలేదు. కిందే తేదీ వేసి కారణం రాశాను.

ఆ తర్వాత ఎథిక్స్ కమిటీ అనుమతితో, వాలంటీర్లు ఇచ్చిన రక్తంలోంచి మోనోసైట్లు అనే తెల్లరక్త కణాలు వేరుచేసి మాక్రోఫేజ్‌లుగా పెంచాను. వారం పట్టింది. మైక్రోస్కోప్ గదిలో లైట్లు ఆర్పి కూర్చున్నాం. మొదటి గిన్నెలో సక్సినేట్ పడగానే పచ్చటి మెరుపు. రెండోది బ్లాకర్ ఉన్న గిన్నె. సక్సినేట్ వేశాను. పది సెకన్లు, ఇరవై, ముప్పై. చీకటి. కణాలు చచ్చిపోయాయేమోనని, వేరే రిసెప్టార్ల ద్వారా కాల్షియం పెంచే ఏటీపీ చుక్క వేశాను. గిన్నె మొత్తం ఒక్కసారిగా వెలిగింది. కణాలు బాగానే ఉన్నాయి, మూసింది ఆ ఒక్క తలుపునే. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. నాకు ఏడుపొచ్చేసింది.

అయితే ఈ తలుపు శరీరమంతా మూసేస్తే మంచిదా అంటే, అలా చెప్పలేను. 2019లోనే ఇంకో బృందం చిట్టెలుకల మాక్రోఫేజ్‌లలో, వాటి దగ్గరి బంధువులైన తెల్లరక్త కణాలలో మాత్రమే ఈ రిసెప్టార్ తీసేసి చూస్తే కొవ్వు కణజాలంలో ఇన్‌ఫ్లమేషన్ పెరిగింది. కీళ్ళలో మంటని ఎగదోసేదే కొవ్వులో చల్లారుస్తోందన్నమాట. చిట్టెలుకల పేగుల లోపలి పొరలో కాపలా కాసే టఫ్ట్ కణాలు కొన్ని సూక్ష్మజీవుల ఉనికిని పసిగట్టేదీ ఈ రిసెప్టార్‌తోనే. అందుకే బ్లాకర్‌ని నేను ముందు ప్రశ్న అడిగే పనిముట్టుగా చూస్తాను. ఏ కణంలో, ఏ సమయంలో మూస్తే ఏమవుతుందో తెలిశాకే మందు మాట.

పోయిన ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు ఫోన్‌లో ఆ రెండు వీడియోలూ అమ్మకి చూపించాను. రెండోది రెండుసార్లు చూసింది.

“ఇది నాకు వేస్తారా బంగారం?”

“ఇది మందు కాదమ్మా. చాలా దూరం ఉంది. నీ బిళ్ళ మాత్రం మానకు.”

“మానను గానీ, ఆ చీకట్లో ఉన్నవి ఎవరి కణాలు?”

పేరు తెలీదనీ, ఎవరో రక్తం ఇచ్చారనీ చెప్పాను. అమ్మ ఫోన్ పక్కన పెట్టి, చేతులు నా ముందుకి చాచింది. “ఈసారి నాది తీసుకో” అంది.