ఆదివారం, 837 కిలోహెర్ట్జ్

మా ఊరు గుడివాడకు ఏడు మైళ్ళ దూరంలో, పంటకాలువ గట్టు వెంబడి ఉంటుంది. 1980 ప్రాంతంలో మా పెంకుటింటి వసారాలో గోడకు కొట్టిన చెక్కబల్ల మీద ఒక పాత మర్ఫీ రేడియో, కరెంటు పోయిన వేళలకు దాని పక్కనే తోలుసంచీలో ఒక ట్రాన్సిస్టరు ఉండేవి. వసారా ఈ దూలం నుంచి ఆ దూలానికి సాగదీసి కట్టిన రాగి జాలీ ఏరియల్ కింద తాతగారి పడక్కుర్చీ. రేడియో ముల్లు విజయవాడ కేంద్రం మీద, అంటే 358.4 మీటర్లు, 837 కిలోహెర్ట్జ్ దగ్గర, ఎప్పుడూ ఒకేచోట నిలిచి ఉండేది. దాన్ని కదిపే అధికారం తాతగారికి తప్ప ఎవరికీ లేదు. రేడియో సిలోన్ పాటల కోసం చిన్నాన్న రహస్యంగా తిప్పి మళ్ళీ యథాస్థానానికి తెచ్చేవాడు కాని, వెంట్రుకవాసి తేడా వచ్చినా తాతగారు కనిపెట్టేవారు.

రేడియో అనగానే అందరూ పాటల గురించే రాస్తారు. నేను ఇక్కడ మాటల గురించి మాత్రమే రాయదలచుకున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఆదివారం పగలంతటినీ నడిపించినవి ఆ మాటలే. ఏ పనిలో ఉన్నవారికి ఏ వేళకు ఏ మాట చెవిన పడాలో ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టారన్న సంగతి నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తట్టలేదు.

ఉదయం ఆరూ నలభై ఐదుకు విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు, ఆరూ యాభై ఐదుకు ఢిల్లీ నుంచి సంస్కృత వార్తలు, ఏడూ ఐదుకు మళ్ళీ ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చేవి. సంస్కృత వార్తలు 1974 జూన్ 30న మొదలయ్యాయి. "ఇయమ్ ఆకాశవాణీ" అన్న మాటల వెనుకనే "ప్రవాచకః బలదేవానంద సాగరః" అని వినబడగానే తాతగారు పళ్ళపుల్ల నోట్లో నుంచి తీసి నిటారుగా కూర్చునేవారు. ఆయనకు సంస్కృతం రెండు శతకాలకు, ఒక స్తోత్రానికి మించి రాదు. అయినా ఆ ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. మాకు మటుకు అది పొయ్యి దగ్గర కాఫీ పొంగే వేళ.

తెలుగు వార్తలు చదివేవారు మాకు బంధువుల కంటె దగ్గరివారు. అద్దంకి మన్నార్ గొంతు వేరు, తిరుమలశెట్టి శ్రీరాములు గొంతు వేరు. మామిళ్ళపల్లి రాజ్యలక్ష్మి గారు చదివిన రోజున నాయనమ్మ వంటింట్లో నుంచి గడప దాకా వచ్చి నిలబడేది. ఆ వార్తలు పుట్టే పద్ధతి గురించి తరువాత తెలుసుకున్నప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది: వార్తల విభాగం ఇంగ్లీషులో తయారుచేసిన మూలప్రతి అన్ని భాషల విభాగాలకూ అందేది, దాన్ని అక్కడి తెలుగువారు గడియారంతో పోటీపడి తెలుగు చేసి, ఆ కాగితం పుచ్చుకునే మైకు ముందుకు వెళ్ళేవారు. ఆ తొందర భాషలో అక్కడక్కడా కనబడేది. "నిర్ణయం తీసుకోబడింది", "చర్యలు చేపట్టబడ్డాయి" వంటి ప్రయోగాలు మా ఊళ్ళో పంచాయతీ తీర్మానాలలోకి కూడా పాకిపోయాయి. దానికి రేడియోను నేను ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు. అయితే అదే వార్తలలో చెవికి తగిన నేర్పు ఒకటి ఉండేది. పత్రికలో అర్థం కాకపోతే పైవాక్యానికి తిరిగి వెళ్ళవచ్చును, రేడియోలో జారిపోయిన వాక్యం జారిపోయినట్టే. అందుకని అన్నవారి పేరు ముందు, అన్న మాట తరువాత, క్రియ చివర. ఒక వాక్యానికి ఒకే సంగతి. చివర "ముఖ్యాంశాలు మరొకసారి". కాఫీ గ్లాసు అందుకోవడానికి లేచి వెళ్ళినవారు కూడా తిరిగి వచ్చేసరికి ఏమీ పోగొట్టుకునేవారు కారు.

ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ గారిది. ఆయన అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు అని మా ఊళ్ళో చాలామందికి తెలియదు, తెలియవలసిన అవసరమూ రాలేదు. ఒక కాలంలో రామాయణం, ఒక కాలంలో భారతం, మరొక కాలంలో శ్రోతల ఉత్తరాలకు సమాధానాలుగా ధర్మసందేహాలు. రాగం తీసి పద్యం చదివి తాత్పర్యం చెప్పే పురాణ కాలక్షేపం మాకు రామాలయంలో అలవాటే. ఈయన పద్ధతి దానికి పూర్తిగా వేరు. అలంకారాలన్నీ ఒలిచేసి, చిన్నచిన్న వాక్యాలలో, ఎదురుగా కూర్చున్న మనిషితో కొంచెం దబాయింపుగా మాట్లాడినట్టు ఉండేది. ఒక వాక్యం తరువాత ఆయన ఆగిన చోట మా నాయనమ్మ "ఊఁ" కొట్టేది. రేడియోకు ఊఁ కొడతావేమిటని మేము నవ్వితే, "చెప్పేవాడు ఆగితే ఊఁ కొట్టకపోవడం మర్యాద కాదురా" అనేది. ఆమె తమాషాకు అన్నదని అప్పుడు అనుకున్నాను. ఆ విరామం కాగితం మీద ముందే లెక్కకట్టి పెట్టుకున్న విరామమని, వినేవారి ఊఁ కోసమే వదిలిన జాగా అని ఇప్పుడు అనిపిస్తుంది.

ధర్మసందేహాల ప్రభావం ఊళ్ళో ఇంకొక రకంగా కూడా ఉండేది. ఏదో ఒక ఊరి నుంచి ఎవరో రాసిన ప్రశ్నకు ఆయన ఏమని చెప్పారన్న దాని మీద ఆ సాయంత్రం రావిచెట్టు కింద రెండు పక్షాలు తేలేవి. కర్ణుడి పక్షం వారు ఎప్పుడూ ఓడిపోయేవారు, అయినా ఎప్పుడూ తగ్గేవారు కారు.

మూడు గంటలకు నాటకం. నాటకం గురించి రాయాలంటే అదొక పెద్ద వ్యాసమే అవుతుంది కనుక ఒక్క మాటతో సరిపెడతాను. నండూరి సుబ్బారావు, సి. రామమోహనరావు, వి.బి. కనకదుర్గ వంటి వారు మాకు ముఖాలు లేని మనుషులు. తరువాత ఎప్పుడో పత్రికలో వారి ఫొటోలు చూసినప్పుడు, ఆ గొంతులకు మేము తొడిగిన ముఖాలే అసలైనవని, ఇవి పొరపాటున అచ్చయ్యాయని అనిపించింది.

ఈ మాటలు ఎలా తయారవుతాయో నేను లోపలి నుంచి చూసినది ఒకే ఒక్కసారి. 1984లో విజయవాడలో డిగ్రీ చదువుతూ ఉండగా యువతీయువకుల కోసం ఆకాశవాణి నడిపే యువవాణిలో పది నిమిషాల ప్రసంగానికి నాకు పిలుపు వచ్చింది. విషయం గ్రామ గ్రంథాలయాలు. తపాలాలో కాంట్రాక్టు కాగితం, అందులో తేదీ, సమయం, పారితోషికం, ప్రసంగ పాఠాన్ని ముందుగా పంపవలసిందన్న షరతు ఉన్నాయి. ఆరు పేజీలు రాసి పంపాను. బందరు రోడ్డులో పున్నమ్మతోట దగ్గరి కేంద్రానికి, తమ్ముడి చొక్కా అరువు తెచ్చుకుని, గంట ముందే వెళ్ళి కూర్చున్నాను. రేడియోలో చొక్కా కనబడదని ఆ క్షణాన తోచలేదు.

కార్యక్రమాన్ని చూసే పెద్దాయన నా కాగితాలు తెచ్చి ఎదురుగా పెట్టి, మూడో పేజీలో పెన్సిలుతో గీసిన ఒక వాక్యం చూపించి, దాన్ని ఒక్క ఊపిరిలో చదవమన్నారు. చదవలేకపోయాను. "నువ్వు చదవలేనిది వాళ్ళు వినలేరు బాబూ" అని, ఆ వాక్యాన్ని నా చేతనే మూడు ముక్కలు చేయించారు. "పైన చెప్పినట్లు" అని రాసిన చోట, రేడియోలో పైన, కింద ఉండవని, "ఇంతకు ముందు చెప్పినట్లు" అని రాయమన్నారు. కాగితాలకున్న గుండుసూది తీసేసి, చదివిన పేజీని తిప్పకుండా చప్పుడు కాకుండా పక్కకు జరపమన్నారు. బరువైన తలుపు మూసుకున్న తరువాత స్టూడియోలో ఎంత నిశ్శబ్దమంటే నా చెవుల్లో రక్తం పారుతున్న చప్పుడు నాకే వినబడింది. ఎర్రదీపం వెలిగింది. పది నిమిషాలకు రాసుకున్నది కంగారులో ఏడున్నర నిమిషాలలో ముగించేశాను. టేపు వెనక్కి తిప్పి మళ్ళీ చదివించారు. రెండోసారి తొమ్మిది నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. అది ప్రసారమైన సాయంత్రం మా ఇంట్లో అందరూ వసారాలో చేరారు గాని, నేను మటుకు నా గొంతు నేను వినలేక దొడ్లోకి వెళ్ళిపోయాను.

ఆదివారమైనా, మరే వారమైనా, సాయంత్రం పొలాల నుంచి మనుషులు కాళ్ళు కడుక్కుని అరుగుల మీదికి చేరే వేళకు వ్యవసాయ కార్యక్రమం వచ్చేది. పట్నం నుంచి వచ్చిన అధికారి ఉపన్యాసంలా కాక, ఇద్దరు ముగ్గురు రైతులు మాట్లాడుకుంటున్నట్టు నడిపేవారు: ఒకరికి అన్నీ తెలుసు, ఒకరికి అన్నీ అనుమానాలే. మా నాన్నగారు ఎప్పుడూ అనుమానాల పక్షమే. వరికి పట్టే సుడిదోమకు ఏ మందు, ఎకరానికి ఎంత, ఎన్ని నీళ్ళలో అన్నది వస్తే నేను పలక పట్టుకుని సిద్ధంగా ఉండాలి. అంకెలను వారు రెండుసార్లు చెప్పేవారు, అది కూడా రాసుకునేవారి వేగానికి తగినట్టు, మధ్యలో కాస్త ఆగి.

ఆ తరువాత ధరవరలు, వాతావరణం. పొడిగా, భావం లేకుండా చదివే ఆ వాతావరణ సూచనను 1977 నవంబరు తరువాత మా ప్రాంతంలో ఎవరూ తేలికగా తీసుకోలేదు. ఆ నెల 19వ తేదీ, శనివారం, దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. పదివేల మందికి పైగా పోయారు. మా ఊరికి సముద్రం రాలేదు, గాలి మాత్రం వచ్చింది. పెంకులు లేచిపోయి, మర్ఫీ తడిసిపోయి, కరెంటు స్తంభాలు వరుసగా పడిపోయాక మిగిలింది ట్రాన్సిస్టరు ఒక్కటే. దాని సెల్స్ అప్పటికే నీరసించి ఉన్నాయి. మర్నాడు పొద్దున వాన వెలిసి ఎండ కాస్త పొడచూపగానే తాతగారు చేసిన మొదటి పని వాటిని తీసి అరుగు మీద ఎండబెట్టడం. ఎండబెడితే సెల్స్ కాస్త ప్రాణం పోసుకుంటాయని అప్పట్లో ఇంటింటా నమ్మకం. ఆ రోజు నుంచి "మచిలీపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక" అన్న మాట వినబడితే చాలు, నంబరు ఎంతో తెలిసేదాకా అమ్మ అన్నం వడ్డించడం ఆపేసేది. అంకె పెరిగే కొద్దీ అపాయం ఎక్కువని మాకు బళ్ళో కాదు, రేడియో దగ్గర తెలిసింది.

ఇదంతా మెచ్చుకోలుగా వినిపిస్తుంది కనుక రెండో వైపు కూడా చెప్పాలి. ఆ మాటలు ప్రభుత్వం వారి మాటలు. 1975 నుంచి 1977 దాకా అత్యవసర పరిస్థితి రోజులలో ఆ రేడియోలో ప్రభుత్వాన్ని పొగిడే గొంతులే తప్ప మరొకటి వినబడలేదు. ఆలిండియా రేడియోను ఆలిందిరా రేడియో అని జనం ఎగతాళి చేసింది అందుకే. ఆకాశవాణికి స్వతంత్ర ప్రతిపత్తి కావాలని ప్రభుత్వమే వేసిన రెండు కమిటీలు, 1966లో చందా కమిటీ, 1978లో వర్గీస్ కమిటీ, చెప్పినా, ఆ ప్రతిపత్తి కోసం చేసిన ప్రసార భారతి చట్టం 1990లో గాని రాలేదు, అది అమలులోకి రావడానికి 1997 సెప్టెంబరు పట్టింది. ఆ తరువాతైనా ఎంత స్వతంత్రం వచ్చిందన్నది వినేవారికి తెలుసు. మరోపక్క ప్రైవేటు ఎఫ్.ఎమ్.లకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి నేటికీ లేదు. కావాలంటే ఆకాశవాణి వార్తలనే యథాతథంగా వినిపించుకోవాలి. అందుచేత ఈ దేశంలో రేడియో వార్త అంటే ఇప్పటికీ ఒకే గొంతు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఉంటున్నాను. ఫోనులోని యాప్‌లో విజయవాడ కేంద్రాన్ని ఏ గురగుర లేకుండా వినవచ్చు, వింటూ ఉంటాను కూడా. అమ్మ మాత్రం ఊళ్ళోనే ఉంటానంటుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజున నేను అక్కడే ఉన్నాను. మధ్యాహ్నానికి కరెంటు పోయింది, సాయంత్రానికి ఫోనులో సిగ్నలు పోయింది, దానితో పాటే యాప్ కూడా. "అటక మీద ట్రాన్సిస్టరు ఉంది చూడు" అని అమ్మ అంది. దింపి, దుమ్ము తుడిచి, వెనుక మూత తీసి చూస్తే, ఎప్పుడో వేసి మరచిపోయిన సెల్స్ కారిపోయి, స్ప్రింగులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఆ రాత్రి గాలి ఎటు తిరుగుతోందో తెలియకుండానే పడుకున్నాం. మర్నాడు దారులు తెరుచుకోగానే అమ్మ నన్ను గుడివాడ పంపింది. సెట్టు బాగుచేయించి, కొత్త సెల్స్ నాలుగు కొని, వాటిని లోపల వేయకుండా విడిగా డబ్బాలో పెట్టి వచ్చాను.