లిబ్రేఆఫీస్‌కు నేను రాసిన మొదటి టెస్ట్

ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో అడుగుపెట్టేవారికి ఏదైనా కొత్త సదుపాయం చేర్చాలన్న ఉత్సాహం ఉండడం సహజం. నేను మాత్రం లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లో ఇదివరకే ఎవరో సరిచేసిన ఒక బగ్‌కు (లోపానికి) టెస్ట్, అంటే ఆ లోపం తిరిగి వచ్చిందేమో తనంతట తానే చూసే చిన్న కోడ్, రాయడంతో మొదలుపెట్టాను. కొత్తవారికి అంతకంటే మంచి పని లేదని నా నమ్మకం. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి విడివడిన ఈ ప్రాజెక్టు మూలాలు 1980ల నాటి స్టార్‌రైటర్ దాకా వెళ్తాయి. ఇంత పాత, ఇంత పెద్ద కోడ్‌లో ఒకచోట చేసిన మార్పు ఇంకెక్కడో దేన్ని చెడగొడుతుందో మనిషి ఊహించలేడు కనుక, టెస్ట్ లేని బగ్ ఎప్పుడైనా తిరిగి రావచ్చు.

మొదటి బిల్డ్‌కు, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడానికి, ఓపిక కావాలి. సోర్స్ కోడ్ దించుకుని, బిల్డ్‌కు సిద్ధం చేసే ఆటోజెన్ స్క్రిప్ట్ నడిపి, బిల్డ్ మొదలుపెట్టే మేక్ ఆదేశం ఇచ్చాక మామూలు ల్యాప్‌టాప్‌లో గంటల తరబడి పడుతుంది. ఒకసారి కంపైల్ చేసిన ఫలితాలను దాచి ఉంచే సీక్యాష్ పెట్టుకుంటే తర్వాతి బిల్డ్‌లు త్వరగా అవుతాయి.

నేను ఎంచుకున్న బగ్ తెలుగు అక్షరాల పరిమాణానికి సంబంధించినది. డాక్స్ (.docx) ఫైల్, అంటే వర్డ్ పత్రం, నిజానికి ఒక జిప్ కట్ట. విప్పితే లోపల ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లు, అంటే ట్యాగ్‌లనే గుర్తులతో సమాచారం రాసిన ఫైళ్లు, ఉంటాయి. అందులో ఇంగ్లీషు అక్షరాల పరిమాణం ఒక ట్యాగ్‌లోనూ, తెలుగు వంటి సంక్లిష్ట లిపులది వేరే ట్యాగ్‌లోనూ ఉంటుంది, పైగా అర పాయింట్ల లెక్కలో రాస్తారు కనుక 14 పాయింట్ల అక్షరం అక్కడ 28గా కనిపిస్తుంది. ఇంగ్లీషు పాఠంతో మాత్రమే పరీక్షించేవారి కంటికి ఈ రెండో ట్యాగ్ ఆనదు. మన భాషలో రాసేవాళ్లమే దాన్ని చూసుకోవాలని ఆ రోజు గట్టిగా అనిపించింది.

టెస్ట్ చేసే పని చిన్నదే: ఒక డాక్స్‌ను తెరిచి, తిరిగి డాక్స్‌గా సేవ్ చేసి, కొత్త ఫైల్‌లోని ఆ ట్యాగ్ విలువ 28గానే ఉందో లేదో, ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో కావలసిన చోటును వెతికే ఎక్స్‌పాత్‌తో చూడడం. అసలు శ్రమ దాన్ని నిరూపించడంలో ఉంది. పాత సవరణను నా కంప్యూటర్‌లో తాత్కాలికంగా వెనక్కి తీసి, తిరిగి బిల్డ్ చేసి, టెస్ట్ విఫలమవుతుందని చూడాలి. సవరణ లేకపోయినా నెగ్గే టెస్ట్ దేనికీ కాపలా కాయదు. అలా విఫలమైనప్పుడు వచ్చిన సందేశాన్ని, అంటే రావలసిన విలువనూ నిజంగా వచ్చిన విలువనూ, కమిట్ సందేశంలో (కోడ్ మార్పుతో పాటు రాసే వివరణలో) చేర్చడం అక్కడి ఆనవాయితీ.

ప్యాచ్‌ను, అంటే నా మార్పును, కోడ్ సమీక్ష జరిగే గెరిట్‌కు పంపాక, నా కోడ్‌ను ప్రాజెక్టు లైసెన్సుల కింద ఇస్తున్నానని ఒక ప్రకటన కూడా పంపాను. తనంతట తానే బిల్డ్‌లు నడిపే జెంకిన్స్ అనే వ్యవస్థ ఆ ప్యాచ్‌ను లినక్స్, విండోస్, మ్యాక్‌లపై బిల్డ్ చేసి చూసింది. సమీక్షకుడు అడిగినది ఒక్కటే: నమూనా ఫైల్‌ను ఒకే పేరాకు కుదించమని. ఎంత చిన్న ఫైల్ అయితే రేపు టెస్ట్ విఫలమైనప్పుడు కారణం వెతకడం అంత సులువు కనుక అది న్యాయమైన కోరిక. కొత్త కమిట్ చేయకుండా పాతదాన్నే సవరించి పంపితే, గెరిట్ కమిట్ సందేశంలోని ఛేంజ్ ఐడీ అనే గుర్తింపును బట్టి దాన్ని అదే ప్యాచ్‌కు తర్వాతి రూపంగా గుర్తిస్తుంది. సమీక్షకుడు ఆమోదించాక అది ప్రాజెక్టు ప్రధాన కోడ్ శాఖ అయిన మాస్టర్‌లో కలిసింది.

ఇప్పుడు తెలుగు బొద్దు అక్షరాల ట్యాగ్‌కు ఇలాంటి టెస్టే రాస్తున్నాను.