కమ్యూనిటీ కాలేజీలో పార్ట్‌టైమ్ టీచర్‌గా హెల్త్ ఇన్సూరెన్స్ తెచ్చుకున్న తీరు: నా అనుభవం

కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల మా బే ఏరియాలో, ఎమ్మెస్సీ చదివి వచ్చి ఇంట్లో ఉంటున్న మన ఆడవాళ్లు కలిసినప్పుడల్లా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "కమ్యూనిటీ కాలేజీలో చెప్తున్నారట కదా అక్కా, ఎలా దొరికింది, బెనిఫిట్స్ ఇస్తారా?" ఉద్యోగం ఎలా వస్తుందో చెప్పేవాళ్లు అడిగితే దొరుకుతారు. పార్ట్‌టైమ్ వాళ్లకి ఇన్సూరెన్స్ ఎలా వస్తుందో చెప్పేవాళ్లు మాత్రం నాకు చాలాకాలం దొరకలేదు. అందుకే మొదటిది క్లుప్తంగా, రెండోది వివరంగా రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. కాలిఫోర్నియాలో 116 కమ్యూనిటీ కాలేజీలు ఉన్నాయి, అవి 73 డిస్ట్రిక్టుల (జిల్లాలు కాదు, కాలేజీలని నడిపే సంస్థలు) కింద నడుస్తాయి. రాష్ట్రంలో ఉండేవాళ్లకి యూనిట్‌కి, అంటే ఒక క్రెడిట్‌కి, 46 డాలర్లే ఫీజు కాబట్టి నా క్లాసులో హైస్కూల్ ఇప్పుడే అయిపోయిన పిల్లలూ ఉంటారు, రాత్రి షిఫ్ట్ చేసి నేరుగా వచ్చి కూర్చునే నాన్నలూ ఉంటారు, రెండేళ్లు ఇక్కడ చదివి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుదామని చూసేవాళ్లూ ఉంటారు. చెప్పేవాళ్లలో పార్ట్‌టైమ్ వాళ్లే ఎక్కువ. ఒక డిస్ట్రిక్టులో పార్ట్‌టైమ్ టీచర్‌కి ఫుల్‌టైమ్ లోడ్‌లో, అంటే ఫుల్‌టైమ్ టీచర్ చెప్పే క్లాసుల పనిలో, 67 శాతం మించి ఇవ్వకూడదని చట్టం ఉంది, అందుకని బతకడానికి రెండు మూడు కాలేజీలు పట్టుకుని వాటి మధ్య కారులో తిరగాల్సిందే. మమ్మల్ని ఫ్రీవే ఫ్లయర్స్ అంటారు. నాకు ఒక కాలేజీ ఈస్ట్ బేలో, ఇంకోటి సౌత్ బేలో, మధ్యలో 880 ఫ్రీవే.

ఉద్యోగం సంగతి. మ్యాథ్స్ చెప్పాలంటే మ్యాథమెటిక్స్‌లోనో అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లోనో మాస్టర్స్ ఉండాలి, లేదా బ్యాచిలర్స్ వాటిలో ఉండి మాస్టర్స్ స్టాటిస్టిక్స్, ఫిజిక్స్, మ్యాథ్స్ ఎడ్యుకేషన్‌లలో ఒకదానిలో అయినా ఉండాలి. పీహెచ్‌డీ అక్కర్లేదు. ఇంజినీరింగ్ మాస్టర్స్ ఉన్నవాళ్లు ఈక్వివలెన్సీ అని వేరే దరఖాస్తు పెట్టుకోవాలి, చదివిన కోర్సులు చూసి కమిటీ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. నాది కాకతీయ యూనివర్సిటీ ఎమ్మెస్సీ. మన డిగ్రీలని ఇక్కడి ఏజెన్సీతో ఇవాల్యుయేషన్ చేయించాలి, ట్రాన్‌స్క్రిప్టులు సీల్డ్ కవర్‌లో యూనివర్సిటీ నుంచే రావాలన్నారు, ఆ పని వరంగల్‌లో మా తమ్ముడు దగ్గరుండి చేయించాడు. ఇంటర్వ్యూలో అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే వరసలో అడుగుతారు, మధ్యలో నవ్వరు, తలూపరు, కాగితాల మీద రాసుకుంటూ ఉంటారు. దానికి కంగారు పడొద్దు, అందరికీ సమానంగా ఉండాలని అలా చేస్తారు. తర్వాత టీచింగ్ డెమో. నేను కండిషనల్ ప్రాబబిలిటీ చెప్పాను. వాళ్లు చూసేది మనకి ఎంత వచ్చు అని కాదు, అర్థం కాని పిల్లవాడు చెయ్యెత్తితే మనం ఏం చేస్తాం అని.

ఉద్యోగం ఖాయమయ్యాక వేలిముద్రలు, టీబీ పరీక్ష ఉంటాయి. ఇక్కడ మనవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చిన్నప్పుడు మనకి బీసీజీ వేసి ఉంటారు కాబట్టి చర్మం మీద చేసే పరీక్షలో టీబీ లేకపోయినా ఉన్నట్టు రావచ్చు, అప్పుడు ఎక్స్‌రే అంటారు, జాయినింగ్ ఆలస్యం అవుతుంది. రక్తంతో చేసే పరీక్షకి బీసీజీతో సంబంధం లేదు, డాక్టర్‌ని ముందే ఆ పరీక్ష అడగండి.

ఇక అసలు విషయం. మా ఆయన ఉద్యోగం మీద ఇన్సూరెన్స్ ఉన్నంతకాలం నా బెనిఫిట్స్ గురించి ఇంట్లో ఎవరం పట్టించుకునే అవసరం రాలేదు. 2023 మొదట్లో ఇక్కడ టెక్ కంపెనీలు వరసపెట్టి లేఆఫ్‌లు చేశాయి, అందులో మా ఆయన ఉద్యోగం కూడా పోయింది. అప్పటికే గ్రీన్ కార్డ్ ఉండడం వల్ల వీసా టెన్షన్ లేదు గానీ ఇన్సూరెన్స్ టెన్షన్ మొదలైంది. ఉద్యోగం పోయాక పాత ఇన్సూరెన్స్‌నే మామూలుగా 18 నెలల దాకా కొనసాగించుకోవచ్చు, దాన్ని కోబ్రా అంటారు, కాకపోతే కంపెనీ కట్టే వాటా కూడా మనమే కట్టాలి, పైన 2 శాతం ఖర్చుల కింద. కోబ్రా గురించి వచ్చిన ఉత్తరంలోని అంకె చూసి మా ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. ఇంటి అద్దె తర్వాత మాకు అదే పెద్ద ఖర్చు. రాష్ట్రం నడిపే కవర్డ్ కాలిఫోర్నియాలో కొనుక్కోవచ్చు, ఉన్న ఇన్సూరెన్స్ పోయిన రోజు నుంచి 60 రోజుల్లోపు చేరాలి. మేం అందులో చేరాం. అదీ తక్కువేం కాదు.

మా కాలేజీలో ప్రతి సోమవారం స్టాఫ్ అందరికీ ఒక మెయిల్ వస్తుంది. ఫలానా పార్కింగ్ లాట్ మూసేస్తున్నారు, లైబ్రరీలో ఫ్లూ షాట్లు వేస్తున్నారు, అకౌంట్స్‌లో ఒకావిడ రిటైర్ అవుతున్నారు, కేక్ ఉంటుంది రండి, అక్టోబర్ మూడో గురువారం భూకంపం డ్రిల్, బల్లల కింద దూరండి, ఇలాంటివి. మేలో క్లాసిఫైడ్ స్టాఫ్ వారోత్సవం గురించి కూడా అందులోనే వస్తుంది. క్లాసిఫైడ్ అంటే పాఠాలు చెప్పేవాళ్లూ అధికారులూ కాకుండా మిగతా సిబ్బంది, ఆఫీసులు, ల్యాబులు, తోట, కరెంటు, అన్నీ నడిపించేవాళ్లు. పార్ట్‌టైమ్ వాళ్లలో చాలామంది ఈ మెయిల్ తెరవరు, వాళ్లని తప్పుపట్టడానికి లేదు, మూడు కాలేజీలుంటే మూడు ఇన్‌బాక్సులు. నేను మాత్రం మొదటినుంచీ చదివేదాన్ని. ఆఫీసు గది లేనివాళ్లకి, క్లాసు అవ్వగానే కారు ఎక్కేవాళ్లకి, కాలేజీలో ఏం జరుగుతోందో తెలిసే దారి అదొక్కటే అనిపించేది.

ఆగస్టులో ఫాల్ సెమిస్టర్ మొదలయ్యే ముందు వచ్చిన మెయిల్‌లో ఫ్లెక్స్ డే కార్యక్రమాల జాబితా ఉంది. ఫ్లెక్స్ డే అంటే క్లాసులు పెట్టకుండా ఆ రోజుని స్టాఫ్ శిక్షణకి వాడుకోవడం, రాష్ట్రం కాలేజీలకి ఏడాదికి 15 రోజుల దాకా అలా వాడుకునే వీలిచ్చింది. పొద్దున్నే పెద్ద హాల్లో ప్రెసిడెంట్ ప్రసంగం, పదేళ్లు, ఇరవై ఏళ్లు చేసినవాళ్లకి పిన్‌లు, తర్వాత గదుల్లో విడివిడిగా సెషన్లు. ఆ జాబితాలో బాగా కింద, కాన్వాస్ అనే ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్‌లో గ్రేడ్‌బుక్ పెట్టుకోవడం ఎలా అన్నదాని తర్వాత, ఒక్క లైన్ ఉంది: "పార్ట్‌టైమ్ ఫ్యాకల్టీ ఆరోగ్య బీమా, కొత్త మార్పులు." మా కాలేజీలో పార్ట్‌టైమ్ వాళ్లు ఫ్లెక్స్ డేకి వస్తే ఆ గంటలకి డబ్బులిస్తారు కూడా. వెళ్లాను.

చిన్న గది, ఓ పది మందిమి ఉంటాం. యూనియన్ తరఫున వచ్చినాయన తానూ పార్ట్‌టైమే, ఇంగ్లీషు చెప్తాడు. ఆయన చెప్పింది ఇది. పార్ట్‌టైమ్ వాళ్ల ఇన్సూరెన్స్‌కి రాష్ట్రం ఇచ్చే డబ్బు ఏళ్ల తరబడి మొత్తం రాష్ట్రానికి కలిపి 5 లక్షల డాలర్లు కూడా ఉండేది కాదు. 2022 బడ్జెట్‌లో దానికి ఏటా 20 కోట్ల డాలర్లు కలిపారు. కాకపోతే డబ్బు దానంతటది మన చేతికి రాదు, ఒక్కో డిస్ట్రిక్టు తన యూనియన్‌తో మాట్లాడుకుని ఒప్పందంలో రాసుకోవాలి, డిస్ట్రిక్టు ముందు ఖర్చు పెడితే తర్వాత రాష్ట్రం తిరిగి ఇస్తుంది. అర్హత రావాలంటే 40 శాతం లోడ్ ఉండాలి.

ఆ 40 శాతం మాటకి గదిలో సగం మంది మొహాలు వాడిపోయాయి, నాది కూడా. అప్పుడాయన వైట్‌బోర్డ్ మీద లెక్క వేసి చూపించాడు. ఫుల్‌టైమ్ లోడ్ సెమిస్టర్‌కి 15 యూనిట్లు. అందులో 40 శాతం అంటే 6 యూనిట్లు. స్టాటిస్టిక్స్ క్లాసు 4 యూనిట్లు, అంటే 26.67 శాతం. ఒకే చోట రెండు క్లాసులుంటే 53 శాతం దాటుతుంది, సరిపోతుంది. మూడు తీసుకుంటే 80, అది 67 దాటిపోతుంది కాబట్టి ఇవ్వరు. మరి ఒక్కో కాలేజీలో ఒక్కో క్లాసు ఉన్నవాళ్ల సంగతేంటి? నాదీ అదే పరిస్థితి, ఇక్కడొకటి, అక్కడొకటి. విడివిడిగా చూస్తే రెండు చోట్లా అర్హత లేదు. ఆయన రెండు 26.67లు రాసి, కింద గీత గీసి, 53.34 అని రాసి, "వేర్వేరు డిస్ట్రిక్టుల్లో లోడ్ కలిపి చూడొచ్చు, చట్టంలో ఉంది" అన్నాడు. మనం సొంతంగా కొనుక్కున్న ఇన్సూరెన్స్‌కి ప్రీమియం కట్టి రసీదులు పెడితే, ఏ డిస్ట్రిక్టు వాటా ఆ డిస్ట్రిక్టు తిరిగి ఇస్తుంది. సౌత్ బే డిస్ట్రిక్టులో ఆ క్లాజు అప్పటికే ఉంది. మా ఈస్ట్ బే డిస్ట్రిక్టులో బేరాలు అయిపోయాయి, డిస్ట్రిక్టుని నడిపే బోర్డు ఆమోదం ఒక్కటే మిగిలింది.

కాగితాల దగ్గర చాలా నలిగాను. రెండు కాలేజీల హెచ్ఆర్‌లు ఇంకో కాలేజీలో నా లోడ్ ఎంతో ధ్రువపత్రం కావాలన్నాయి. ఒక చోట అలాంటి ఫారమే లేదన్నారు, ఇంకో చోట సెమిస్టర్ మొదలయ్యాకే సంతకం పెడతామన్నారు, గడువేమో సెప్టెంబర్‌లోనే. ఫోన్ చేస్తే మెయిల్ పెట్టమంటారు, మెయిల్ పెడితే నేరుగా రమ్మంటారు. చివరికి మా డిపార్ట్‌మెంట్ సెక్రటరీ దారి చూపించింది. ఫారం లేకపోతేనేం, సెమిస్టర్‌కి మనకిచ్చే ఆఫర్ లెటర్ మీద యూనిట్లూ లోడ్ శాతమూ ఉంటాయి, దాని మీద డీన్ సంతకం, తేదీ పెట్టించి ఇవ్వు, తీసుకోనంటే నాకు చెప్పు అంది. తీసుకున్నారు. పాతికేళ్ల నుంచి ఆ కుర్చీలో ఉన్న మనిషి, ఏ కాగితం ఏ గదిలో చెల్లుతుందో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అంతలో ఇంకో గండం. ఈస్ట్ బేలో నా క్లాసు ఆలస్యంగా మొదలయ్యే రకం, అందులో పిల్లలు నిండలేదు. తక్కువ మంది ఉంటే క్లాసు రద్దు చేస్తారు, అది పోతే నా లోడ్ 26.67కి పడిపోతుంది, ఇన్సూరెన్స్ కూడా పోతుంది. ఆ సెక్రటరీయే మళ్లీ సలహా చెప్పింది: సోమవారం మెయిల్‌లో ఎవరైనా వార్త పంపొచ్చు, నీ క్లాసు గురించి వెయ్యి, పిల్లలకి ఏ క్లాసు తీసుకోవాలో చెప్పే కౌన్సిలర్లంతా దాన్ని చదువుతారు అని. క్లాసు నంబరు, రోజులు, సాయంత్రం వేళ, పుస్తకం ఖర్చు లేదు, ట్రాన్స్‌ఫర్‌కి పనికొస్తుంది, ఇంతే రాసి పంపాను. ఆ వారంలోనే కౌన్సిలింగ్ నుంచి పిల్లలు రావడం మొదలైంది. క్లాసు నిలబడింది.

బోర్డు మీటింగ్ అక్టోబర్‌లో. ఇక్కడ 1953 నుంచి బ్రౌన్ యాక్ట్ అని ఒక చట్టం ఉంది, మామూలు మీటింగ్ అజెండా 72 గంటల ముందు అందరికీ కనిపించేలా పెట్టాలి, జనాన్ని మాట్లాడనివ్వాలి. మా ఒప్పందం అజెండాలో ఉందని కూడా సోమవారం మెయిల్‌లోనే చూశాను. పేరు రాసి కార్డు ఇచ్చాను, మనిషికి మూడు నిమిషాలు. పెద్ద మాటలేం చెప్పలేదు. మా ఇంట్లో లేఆఫ్ అయింది, రెండు డిస్ట్రిక్టుల్లో కలిపి సగం పైన లోడ్ చేస్తున్నాను, పిల్లాడికి జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు డబ్బు లెక్క చూసుకోవాల్సి వస్తోంది, ఈ క్లాజు నాలాంటివాళ్ల కోసమే రాశారు, దయచేసి పాస్ చేయండి అన్నాను. గొంతు వణికింది గానీ ఆపకుండా చెప్పాను. నా తర్వాత మా ఇంగ్లీషు సారు, ఆ తర్వాత కెమిస్ట్రీ ల్యాబులో చేసే క్లాసిఫైడ్ ఆవిడ లేచారు. ఆవిడకి ఈ ఇన్సూరెన్స్‌తో ఏ సంబంధమూ లేదు, మా కోసమే వచ్చింది. ఓటింగ్‌లో వ్యతిరేకంగా ఒక్క చెయ్యి కూడా లేవలేదు.

రెండు చోట్లా లోడ్ సమానం కాబట్టి ప్రీమియంలో వాటాలు కూడా చెరిసగం అయ్యాయి. సెమిస్టర్ చివర్లో రసీదులు పెట్టాను, జనవరిలో ఒక డిస్ట్రిక్టు నుంచి, ఫిబ్రవరిలో ఇంకో డిస్ట్రిక్టు నుంచి డబ్బు వచ్చింది. ప్రతి సెమిస్టర్‌కీ లోడ్ పత్రం కొత్తగా ఇవ్వాలి, రసీదు మీద పాలసీదారు పేరు మన పేరే ఉండాలి, కవర్డ్ కాలిఫోర్నియా సబ్సిడీ పోగా మనం నిజంగా కట్టిన మొత్తానికే ఇస్తారు. డిస్ట్రిక్టుని బట్టి ఈ నియమాలు మారతాయి కాబట్టి మీ యూనియన్ ఒప్పందంలో బెనిఫిట్స్ భాగం తీసి చదవండి, అర్థం కాకపోతే యూనియన్ వాళ్లకి మెయిల్ పెట్టండి, వాళ్లు జవాబిస్తారు. ఇంకా ఉద్యోగంలో చేరనివాళ్లు ముందు డిగ్రీ ఇవాల్యుయేషన్ మొదలుపెట్టండి, అన్నిటికంటే ఎక్కువ టైమ్ దానికే పడుతుంది.